హైదరాబాద్–విజయవాడ రాత్రి స్లీపర్ బస్సు: బెర్తు బాగుంది, డ్రైవింగ్ బాగోలేదు

ఒక ప్రైవేటు ట్రావెల్స్ వారి ఏసీ బస్సులో బెర్తు, దుప్పటి శుభ్రంగానే ఉన్నాయి. అయితే చౌటుప్పల్ దాటాక డ్రైవరు ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకొని, మరో చేతిలోని ఫోనులో వీడియోలు చూస్తూ, లారీలను ఎడమవైపు నుంచి దాటడం ముందు బెర్తులో ఉన్న నాకు స్పష్టంగా కనిపించింది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సు సెకనుకు 22 మీటర్లు కదులుతుంది కనుక, ఫోను తెరపై 3 సెకన్లు చూపు నిలిపినా 60 మీటర్లకు పైగా దారిని చూడకుండానే నడిపినట్టవుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం ఇది జైలుశిక్షకు దారితీయగల నేరం. క్లీనరుకు చెబితే “అన్నకు అలవాటే సార్” అన్నాడు. నిద్రపోతున్న కుటుంబాల ప్రాణాలను ఆ అలవాటుకు వదిలేయడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. యాజమాన్యం డ్రైవర్ల ఫోను వాడకాన్ని కట్టడి చేసే వరకు ఈ సర్వీసుకు ఒక్క స్టారుకు మించి ఇవ్వలేను.