పసుపు చొక్కాతో మూడు వారాలు: కొచ్చి నుంచి ఫతోర్డా దాకా

2023లో ఫిబ్రవరి 26 నుంచి మార్చి 18 వరకు, సరిగ్గా మూడు వారాల్లో, హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు కోసం ఐదు స్టేడియాలు తిరిగాను. ఆ జట్టు ఇప్పుడు మన ఊళ్ళో లేదు. 2025లో ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. అయినా ఈ మధ్య మా కాలనీ పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి, "అన్నా, కోల్‌కతాలో మ్యాచ్ చూడాలంటే ఎక్కడ దిగాలి? గోవాలో గది ఎక్కడ తీసుకోవాలి?" అని అడిగారు. వాళ్ళకి నోటితో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ సీజన్ గురించి కొంచెం చెప్పాలి. కరోనా వల్ల అంతకుముందు రెండేళ్ళు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొత్తం గోవాలోనే జరిగింది, జనం లేకుండా. 2022 మార్చి 20న అక్కడి ఫతోర్డా స్టేడియంలో జరిగిన ఫైనల్‌కి మాత్రం జనాన్ని రానిచ్చారు. ఆ రోజు కేరళ బ్లాస్టర్స్ మీద మనవాళ్ళు షూటౌట్‌లో 3-1తో గెలిచారు. మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు కిక్‌లు ఆపాడు. నేను అదంతా ఇంట్లో టీవీ ముందు నిలబడి చూశాను. వచ్చే ఏడు గనక ఊరూరా మ్యాచ్‌లు పెడితే ఇంట్లో కూర్చోకూడదని ఆ రాత్రే అనుకున్నాను. 2022-23లో మళ్ళీ ఊరూరా మ్యాచ్‌లు వచ్చాయి. మానోలో మార్కెజ్ కోచ్‌గా మన జట్టు లీగ్‌లో 42 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. 46 పాయింట్లతో ముంబై సిటీ, లీగ్‌లో మొదటి స్థానానికి ఇచ్చే షీల్డ్ తీసుకెళ్ళింది. ఆ సీజన్‌లో మొదటి రెండు జట్లు నేరుగా సెమీస్‌కి వెళ్ళాయి, మూడు నుంచి ఆరు వరకు ఉన్నవి నాకౌట్ ఆడాల్సి వచ్చింది. మనకి ఆ బాధ లేదు కాబట్టి మార్చి నెలకి సెలవులు ముందే దాచుకున్నాను. ఫైనల్‌కి గోవా టికెట్ కూడా తీసేసుకున్నాను.

మొదటిది కొచ్చి, కేరళ బ్లాస్టర్స్‌తో ఆట. అయ్యప్ప స్వాములందరికీ తెలిసిన శబరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాను. దాదాపు ఒక రోజు ప్రయాణం. ఎర్నాకుళం టౌన్ స్టేషన్‌లో దిగితే స్టేడియం ఉన్న కలూర్ దగ్గరే. స్టేడియం పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది, మెట్లు దిగితే ఎదురుగా గేటు. చాలామంది ఫోర్ట్ కొచ్చిలో గది తీసుకుంటారు. ఊరు చూడటానికి అది మంచిదే కానీ, మ్యాచ్ కోసం వెళ్ళేవాళ్ళు కలూర్ చుట్టుపక్కల ఉండండి. రాత్రి ఏడున్నరకి మొదలైన ఆట ముగిసి, ఆ జనంలోంచి బయటపడి, అవతలి ఒడ్డుకి చేరేసరికి ఓపిక ఉండదు. నేను దిగింది ఒక ఇంట్లో, మేడ మీద గది. శుభ్రంగా ఉంది, రాత్రికి 1,200 రూపాయలు. ఆ ఇంటావిడని అందరూ చేచి (అక్క) అనే పిలుస్తారు. ఉదయం పుట్టు, కడల కూర తనే వడ్డించింది. నా పసుపు చొక్కా చూసి ఎంతో సంతోషపడి, దాని మీద ఏనుగు బొమ్మ లేదని గమనించి, "ఓ, హైదరాబాదా" అంది. కేరళదీ పసుపే, మనదీ పసుపే. ఇంకో గరిటెడు కడల కూర వేసి, "ఈ రోజు మాత్రం మీరు ఓడిపోవాలి" అని చెప్పి లోపలికి వెళ్ళింది.

ఓడిపోలేదు. 29వ నిమిషంలో మన బోర్హా గోల్ కొట్టాడు. అప్పటిదాకా డప్పులతో చెవులు పగిలిపోతున్న స్టేడియంలో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. ఆ పసుపు సముద్రంలో లేచి అరిచింది మేము కొద్దిమందిమే. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆట అయ్యాక పక్కన కూర్చున్న ఒకాయన చెయ్యి కలిపి, మెట్రో వైపు ఏ గేటు దగ్గరో చూపించాడు. మ్యాచ్ రోజుల్లో అక్కడ మెట్రో సమయం పొడిగిస్తారు, ఆ భరోసా చాలా పెద్దది. బయటి జట్టు మనిషి ఒంటరిగా వెళ్ళి భయం లేకుండా తిరిగి రాగల ఊరు కొచ్చి అని గట్టిగా చెప్పగలను.

మార్చి 3న బెంగళూరు. అక్కడ మన ఆట లేదు. బెంగళూరు, కేరళ మధ్య నాకౌట్. రాత్రి బస్సెక్కి పొద్దున్నే మెజెస్టిక్‌లో దిగి, మెట్రోలో కబ్బన్ పార్క్‌కి వెళ్తే కంఠీరవ స్టేడియం నడిచే దూరమే. మన వాళ్ళకి బెంగళూరు కొత్త కాదు కాబట్టి బస సంగతి వదిలేస్తున్నాను. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి: పెద్ద బ్యాగు తీసుకుని స్టేడియానికి వెళ్ళొద్దు, గేటు దగ్గరే ఆపేస్తారు. బస్టాండ్‌లోనో తెలిసినవాళ్ళింట్లోనో పెట్టేసి వెళ్ళండి.

ఇక్కడ పరుగు పందేల ట్రాక్ ఉండటం వల్ల సీట్లకీ ఆటకీ మధ్య దూరం ఎక్కువ. ఆ దూరం ఎంతో ఆ రాత్రి తెలిసింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంగళూరుకి ఫ్రీ కిక్ వచ్చింది. కేరళ వాళ్ళు ఇంకా గోడ కట్టుకుంటుండగానే, విజిల్ కోసం చూడకుండా సునీల్ ఛెత్రి బంతిని నెట్‌లోకి పంపేశాడు. నేను కూర్చున్న చోటికి గోల్ అయిందో లేదో కూడా అర్థం కాలేదు. తర్వాత కేరళ కోచ్ వుకొమనోవిచ్ తన జట్టు మొత్తాన్ని బయటికి పిలిచేశాడు. వాళ్ళు మళ్ళీ రాలేదు. జనం అలాగే కూర్చున్నారు, ఎవరికీ ఏం జరుగుతోందో తెలియదు. చివరికి బెంగళూరు గెలిచినట్టు ప్రకటించారు. తర్వాత కేరళ క్లబ్‌కి నాలుగు కోట్ల జరిమానా పడింది. ఐదు రోజుల కిందట నాకు కడల కూర వడ్డించిన ఆవిడే గుర్తొచ్చింది. ఆ రాత్రి వాళ్ళింట్లో ఎవరూ అన్నం తిని ఉండరు.

తిరుగు ప్రయాణం అన్యాయంగా జరిగింది. ఒక ప్రైవేట్ ట్రావెల్స్ వాళ్ళు ఎక్కే చోటు మార్చామని బస్సు బయలుదేరే అరగంట ముందు మెసేజ్ పెట్టారు. అక్కడికి పరిగెత్తుకుంటూ వెళ్తే బస్సు ఇంకా రెండు గంటలు ఆలస్యం. ఆట ఎక్స్‌ట్రా టైమ్‌కి పోయే అవకాశం ఉన్న రోజున రాత్రి బస్సు పెట్టుకోకండి. గది తీసుకుని పొద్దున రైలెక్కండి.

మార్చి 9న గచ్చిబౌలిలో సెమీస్ మొదటి ఆట. కోల్‌కతా జట్టు ఏటీకే మోహన్ బగాన్‌తో 0-0. సొంత ఊరు గురించి ఎక్కువ చెప్పడానికి ఏముంది! మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది, అక్కడి నుంచి ఆటో. మన జట్టు అభిమానుల గుంపు డెక్కన్ లీజియన్ కుర్రాళ్ళ పక్కన కూర్చుంటే తొంభై నిమిషాలూ గొంతు విప్పాల్సి వచ్చేది.

అసలు ప్రయాణం సెమీస్ రెండో ఆట జరిగిన కోల్‌కతాది. దీనికి మా చిన్నాన్న కూడా వచ్చాడు. రైల్వేలో చేసి రిటైరయ్యాడు, చిన్నప్పటి నుంచి బొల్లారంలోనే ఉన్నాడు. "ఒరేయ్, సాల్ట్ లేక్‌లో హైదరాబాద్ ఆడుతుంటే చూడకుండా ఉంటానా" అని తనే బెర్తులు బుక్ చేశాడు. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి దాటేదాకా చిన్నాన్న చెప్పింది ఒకటే కథ. కోచ్ రహీమ్ సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుని ఎలా తయారు చేశాడో, ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఎలా గెలిచిందో. తాతయ్య ఆ ఆటగాళ్ళని సైకిల్ మీద వెళ్ళి చూసొచ్చేవాడట. చిన్నాన్న గొంతు మాత్రం బలరాం పేరు దగ్గర మారిపోయింది. తులసీదాస్ బలరాం మన అమ్ముగూడ కుర్రాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో ఉన్నాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. ఈస్ట్ బెంగాల్‌కి ఆడటానికి కోల్‌కతా వెళ్ళి, చివరిదాకా అక్కడే, ఉత్తర్‌పారాలో ఉండిపోయాడు. మేం వెళ్ళడానికి నెల కూడా కాలేదు, ఫిబ్రవరి 16న కన్నుమూశాడు.

బస విషయంలో అక్కడ దెబ్బ తిన్నాం. సియాల్దా దగ్గర ఒక లాడ్జిలో ఆన్‌లైన్‌లో గది తీసుకుని డబ్బులు కూడా కట్టాం. రాత్రి సామానుతో వెళ్తే గది లేదన్నారు, కావాలంటే ఇంకో 800 ఇస్తే వేరే గది ఉందన్నారు. చిన్నాన్న ఒక్క మాట కూడా పెంచకుండా, "పదరా" అని బయటికి నడిచాడు. తర్వాత ఫూల్‌బాగాన్‌లో ఒక చిన్న గెస్ట్‌హౌస్ దొరికింది. మంచం ఇరుకు, నీళ్ళు బాగా వస్తాయి, కాపలా మనిషి మర్యాదస్థుడు. నిజానికి అదే మేలైంది, ఎందుకంటే ఫూల్‌బాగాన్ నుంచి సాల్ట్ లేక్ స్టేడియానికి మెట్రోలో ఒక్క స్టేషన్. రాత్రి ఆట షూటౌట్ దాకా పోతే ఆఖరి మెట్రో మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు, వాహనం దొరక్కపోయినా నడిచి వచ్చేయొచ్చు. మేం అలాగే వచ్చాం. తిండికి ఇబ్బంది లేదు. పొద్దున లూచీ, ఆలూర్ దమ్, మధ్యాహ్నం ఆవఘాటు పెట్టిన చేపల కూరతో అన్నం. గోదావరి జిల్లాల వాళ్ళకి ఇల్లు గుర్తొస్తుంది.

స్టేడియం సంగతి చెప్పాలంటే, లోపలికి అడుగుపెట్టగానే చిన్నాన్న కాసేపు మాట్లాడలేదు. 2017లో అండర్-17 ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది ఇక్కడే. చుట్టూ ఆకుపచ్చ, మెరూన్ రంగులు. మార్చి ఉక్కపోతకి చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి. తొంభై నిమిషాలు, ఆపైన ముప్పై నిమిషాలు, ఒక్క గోల్ లేదు. షూటౌట్‌లో టెన్షన్ తట్టుకోలేక నేను కింద కూర్చుండిపోయాను. మన సివెరియో కిక్‌ని వాళ్ళ గోల్‌కీపర్ విశాల్ కైత్ ఆపేశాడు. మన ఒగ్బెచే కిక్ కూడా లోపలికి వెళ్ళలేదు. ముందు ఏడాది 18 గోల్స్ కొట్టిన మనిషి! వాళ్ళలో హామిల్ తప్పాడు, మళ్ళీ ఆశ. కానీ చివరిది ప్రీతమ్ కోటాల్ కొట్టాడు, 4-3. ఆ అరుపులు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఫూల్‌బాగాన్ దాకా మేమిద్దరం మాటలు లేకుండా నడిచాం.

మర్నాడు రైలుకి టైముంది. హౌరా నుంచి లోకల్ ఎక్కాం, లిలువా, బేలూర్, బాలీ దాటితే ఉత్తర్‌పారా. ఎవరి ఇల్లూ వెతకలేదు, ఊరికే గంగ ఒడ్డున ఘాట్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాం. మట్టి కప్పుల్లో టీ తీసుకున్నాం. పక్కన బాగా పెద్దాయన ఒకరు, ఎనభై దాటి ఉంటాయి, ఎక్కడి నుంచి వచ్చారని హిందీలో అడిగాడు. చిన్నాన్న హైదరాబాద్ అని ఆగి, "అమ్ముగూడ పక్కన" అన్నాడు. ఆయన ముఖం మారిపోయింది. "బలరాం-దా ఊరా?" అన్నాడు. తాగిన మట్టి కప్పుని మెట్టు మీద బోర్లించాడు. చెప్పు విప్పి, కాలి బొటనవేలితో దాన్ని మెల్లగా ఒక పక్కకి తోసి, వెంటనే రెండో పక్కకి తిప్పాడు. "ఇలా. డిఫెండర్ అటు పోయేవాడు, ఆయన ఇటు వెళ్ళేవాడు. స్కూల్ ఎగ్గొట్టి చూసేవాణ్ణి" అన్నాడు. చిన్నాన్న ఆ కప్పు తీసి, గంగ నీళ్ళలో కడిగి, రుమాల్లో చుట్టుకున్నాడు. కోల్‌కతాలో మేం ఓడిపోయాం, లాడ్జిలో మోసపోయాం. అయినా మూడు వారాల్లో మళ్ళీ ఒక్క ఊరికే వెళ్ళాలంటే నేను అక్కడికే వెళ్తాను.

గోవా టికెట్ వృథా చేసుకోవడం ఇష్టం లేక మార్చి 17న ఒక్కణ్ణే బయలుదేరాను. అక్కడ ముందు ఏ విమానాశ్రయమో చూసుకోవాలి. ఆ జనవరి 5నే మోపాలో కొత్తది మొదలైంది, మొదట దిగింది హైదరాబాద్ విమానమే. కానీ మోపా ఉత్తరాన మూలకి ఉంటుంది. ఫతోర్డా ఉన్నది దక్షిణాన మడ్గావ్‌లో. టికెట్ కొంచెం చవకని మోపాలో దిగితే ఆ మిగిలింది టాక్సీకే అయిపోతుంది. పాత విమానాశ్రయం దబోలిమ్‌లో దిగండి. మన ఊళ్ళోలాగా ఫోన్ తీసి కారు పిలుద్దామంటే అక్కడ ఊబర్, ఓలా ఉండవు. కదంబ బస్సులు బాగున్నాయి, మడ్గావ్ బస్టాండ్ నుంచి స్టేడియానికి నడిచి వెళ్ళొచ్చు. కోల్వా బీచ్ దగ్గర గదులు అందంగా ఉంటాయి కానీ ఫైనల్ రోజు ధరలు రెట్టింపు చెప్పారు. మడ్గావ్ ఊళ్ళో మామూలు లాడ్జి సగానికి దొరికింది, కింద హోటల్లో చేపల భోజనం చాలా బాగుంది.

మోహన్ బగాన్, బెంగళూరు మధ్య ఆట 2-2. నాలుగు గోల్స్‌లో మూడు పెనాల్టీలే. షూటౌట్‌లో మళ్ళీ విశాల్ కైత్, మళ్ళీ 4-3, మోహన్ బగాన్‌దే కప్పు. ఐదు రోజుల కిందట మమ్మల్ని ఏడిపించిన జట్టుకి చప్పట్లు కొట్టాలా వద్దా అని తేల్చుకోలేకపోయాను. తర్వాత పేరులోంచి ఏటీకే తీసేస్తున్నామని యజమాని ప్రకటించాడు. 1889 నాటి తమ క్లబ్ పేరు ముందు ఇంకో పేరు తగిలించారని ఏళ్ళ తరబడి గొడవ చేసిన మనుషులు వాళ్ళు. బయట మెట్ల మీద మధ్యవయసు ఆయన ఒకరు ఫోన్‌లో ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెబుతూ, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. అప్పుడు కొట్టాను చప్పట్లు.

మర్నాడు పొద్దున్నే దబోలిమ్ నుంచి విమానం. అంత ఉదయం మడ్గావ్‌లో బండి దొరకడం కష్టం. లాడ్జి కుర్రాడికి రాత్రే చెప్పి టాక్సీ మాట్లాడించుకున్నాను. అలా చెప్పే వీలు లేకపోతే ఆఖరి రాత్రికి వాస్కోలో గది తీసుకోండి, విమానాశ్రయం పక్కనే ఉంటుంది.