ఆంధ్రభారతి నిఘంటు శోధన: స్లాంగ్ మీద ఇష్టం ఉన్నవాళ్ళ కోసం నా రివ్యూ

మా బాబాయ్ పాత పాట ఒకటి పాడి ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా తమ్ముడు కింద "బాబాయ్, అరాచకం అసలు" అని కామెంట్ పెట్టాడు. ఆయన రెండ్రోజులు గ్రూపులో మాట్లాడలేదు, మూడోరోజు నాకు ఫోన్ చేసి "ఏరా, మరీ అంత ఘోరంగా పాడానా" అని అడిగారు. అది పొగడ్త బాబాయ్ అంటే నమ్మరే! "రాజు లేని రాజ్యాన్ని కదరా అరాచకం అనేది" అన్నారు, ఆ మాటా నిజమే. ఫోన్‌లో ఉన్న ఒక ట్రాన్స్‌లేషన్ యాప్‌లో ఆ వాక్యం పెట్టి చూస్తే అది కూడా బాబాయ్ పక్షమే, నీ పాట అల్లకల్లోలం అన్నట్టు ఇచ్చింది. ఆ రాత్రి ఆంధ్రభారతి సైట్‌లో నిఘంటు శోధన తెరిచి కూర్చున్నా, అప్పట్నుంచి రోజూ ఏదో ఒక మాట వెతుకుతూనే ఉన్నా.

తెలియనివాళ్ళకి చెప్తున్నా, ఇది ఫ్రీ. ఒక మాట టైప్ చేస్తే ఒక్క నిఘంటువు కాదు, చాలా నిఘంటువుల్లో దానికి ఏం రాశారో ఒకదాని కింద ఒకటి వచ్చేస్తుంది. 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం, ఆ తర్వాత దశాబ్దాల పాటు సంపుటాలుగా వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు, అన్నీ ఒకే పేజీలో. మాట అర్థం ఎప్పుడు ఎటు తిరిగిందో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు, ఎందుకంటే వేరువేరు కాలాలవాళ్ళు ఒకే మాట గురించి ఏమనుకున్నారో పక్కపక్కనే కనిపిస్తుంది.

ఉదాహరణకి రచ్చ. ఈ మాట కోసం నేను ఒక సాయంత్రం మొత్తం ఖర్చుపెట్టా. సంస్కృతంలో రథ్య అంటే వీధి, రథం నడిచే దారి, అది ప్రాకృతంలో రచ్ఛా అయ్యి మనకి రచ్చ అయింది. వీధి కాస్తా నలుగురూ చేరి కూర్చునే చోటైంది, రచ్చబండ అదే, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నప్పుడు కూడా రచ్చ అంటే బయట నలుగురి మధ్య అనే కదా. నలుగురు చేరిన చోట తగువులు తెగుతాయి కాబట్టి ఇంటి గొడవ బయటపడితే రచ్చకెక్కింది అన్నారు, అక్కణ్ణుంచి రచ్చ అంటే గొడవే అయిపోయింది, ఇప్పుడేమో మా తమ్ముడి బ్యాచ్‌కి "నిన్న రచ్చ రచ్చ చేశాం" అంటే బ్రహ్మాండంగా ఎంజాయ్ చేశామని. వీధి, సభ, తగువు, అల్లరి, ఆనందం! ఒక్క మెట్టు కూడా గాల్లోంచి ఊడిపడలేదు, ప్రతిదీ ముందు మెట్టు మీద కాలు పెట్టే ఎక్కింది. పిల్లలు భాషని పాడుచేస్తున్నారు అని ఎవరైనా అంటే నాకు నిజంగా బాధేస్తుంది, వాళ్ళు చేస్తున్నది మన పెద్దవాళ్ళంతా చేసిన పనే.

సోది కూడా అంతే, అసలు మాట సోదె, ఎరుకలవాళ్ళు చెప్పే జోస్యం. భక్తితో చేయిచాచి విన్న మాట ఇవాళ "ఆపరా సోది" అయింది. పోరంబోకు, బేవార్సు అనే రెండు తిట్లూ అయితే భూమి, ఆస్తి లెక్కల్లోంచి వచ్చినవి, పన్ను కట్టక్కర్లేని ప్రభుత్వ భూమి పోరంబోకు (రెవెన్యూ రికార్డుల్లో ఇప్పటికీ ఉంది), వారసుడు లేని ఆస్తి బేవారసు. ఎవరికీ చెందని నేల పేరుతో పనీపాటా లేని మనిషిని తిట్టాలని మొదట ఎవరికి తట్టిందో గానీ, అంత సూటిగా గుచ్చుకునే మాట మళ్ళీ పుట్టించడం కష్టం.

ఇక లోటు. పాత నిఘంటువులు కాబట్టి అవి అచ్చయిన రోజు దగ్గరే ఆగిపోతాయి, అది సైట్ తప్పు కాదు. కేక అంటే అరుపు అని వస్తుంది, అదిరిపోయింది అనే అర్థం కోసం చూడకండి. తోపు అంటే చెట్లున్న తోట వస్తుంది, "వాడు తోపు రా" దొరకదు. కాస్త దగ్గరి కాలం వాడుక కావాలంటే షికాగో యూనివర్సిటీ వాళ్ళ డిజిటల్ నిఘంటువుల సైట్‌లో 1991 నాటి గ్విన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఉంది, అదీ చూడండి. ఇంగ్లీషువాళ్ళకి 1999 నుంచి అర్బన్ డిక్షనరీ ఉంది, అందులో ఎవరైనా రాయొచ్చు కాబట్టి బూతూ చెత్తా చాలానే ఉంటుంది, కానీ ప్రతి అర్థం కింద అది పెట్టిన తేదీ ఉంటుంది, నాకు ఆ తేదీ అంటేనే అసూయ. అరాచకం తిట్టు నుంచి పొగడ్తకి ఏ ఏడాది దాటిందో మనం ఎక్కడా రాసిపెట్టుకోవట్లేదు.

నా రేటింగ్ అయిదుకి నాలుగున్నర. మొదటిసారి వెళ్ళేవాళ్ళు సాహసం, సభికుడు, ఛాందసుడు, కంపు, ఈ నాలుగూ వెతకండి, తర్వాత మీరే ఆగలేరు.

నేను బాబాయ్‌కి పంపిన స్క్రీన్‌షాట్ సాహసం గురించే. ఒకప్పుడు దౌర్జన్యం, దోపిడీ కూడా సాహసమే, ఇప్పుడు సాహసం చేసినవాడికి శాలువా కప్పుతాం, అరాచకం కూడా అదే దారిలో ఉంది బాబాయ్ అని రాశా. ఆయన వెంటనే ఏమీ అనలేదు. గంట తర్వాత సభికుడు అనే మాట ఆయనే వెతికి, అసలు అర్థం జూదం ఆడించేవాడట, ఇన్నేళ్ళూ మైకు పట్టుకుని సభికులారా అన్నానే అని ఫోన్ చేశారు. ఇప్పుడు రోజుకొక మాట నాకు పంపుతున్నారు. నిన్నటిది "లైట్ తీసుకో". మూడు చోట్ల వెతికా, ఎక్కడా లేదు.