ఆటోమేటిక్ వోల్వో 240ని మాన్యువల్‌గా మార్పించాను: షాప్ పని ఎలా ఉందంటే

కారు 1991 వోల్వో 240 సెడాన్. నాలుగు సిలిండర్ల 2.3 లీటర్ బీ230ఎఫ్ ఇంజిన్, 114 హార్స్‌పవర్, వెనక చక్రాల డ్రైవ్, కంపెనీ నుంచి వచ్చింది ఏడబ్ల్యూ70 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్. అది తీయించి ఎం47 అనే ఐదు గేర్ల మాన్యువల్ పెట్టించాను. చేసింది నార్త్ కరోలినాలో, మేముండే క్యారీ నుంచి ముప్పావుగంట దూరంలో ఉన్న చిన్న షాప్. ఇద్దరే మనుషులు, ముట్టుకునేది పాత వోల్వోలనే. చేతినిండా పని ఉంది, పేరు ఆన్‌లైన్‌లో పెట్టొద్దని ఓనర్ అడిగాడు కాబట్టి పేరు రాయడం లేదు. కానీ వాళ్లు ఏం చేశారో, ఎలా చేశారో వివరంగా రాస్తాను. మీ ఊళ్లో ఇలాంటి షాప్‌కి వెళ్తే ఏం అడగాలో తెలుస్తుంది.

ఈ షాప్‌లో నాకు మొదట నచ్చిన విషయం, అడగ్గానే సరే అనకపోవడం. 240లో నాలుగో గేర్ పడకపోతే, డాష్‌బోర్డులో పైకి చూపే బాణం లైటు వెలుగుతూనే ఉంటే, చాలామంది గేర్‌బాక్స్ పోయిందనుకుంటారు. చాలాసార్లు తప్పు ఓవర్‌డ్రైవ్ రిలేలో, అంటే ఆ నాలుగో గేర్‌ని పనిచేయించే చిన్న కరెంటు స్విచ్‌లో ఉంటుంది. పాతబడ్డాక దాని లోపల సోల్డర్ పగుళ్లిస్తుంది. ఓనర్ ముందు ఆ రిలే ఊడదీసి చూశాడు, బాగానే ఉంది. తర్వాత గేర్ ఆయిల్ చూపించాడు. నల్లగా, మాడిన వాసన. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజిన్ ఊరికే అరిచేది, బండి ముందుకు కదిలేది కాదు. "తక్కువ ఖర్చులో అయిపోవాలంటే ఇంకో సెకండ్‌హ్యాండ్ ఏడబ్ల్యూ70 పెట్టించుకో, అది మొండి గేర్‌బాక్స్" అని ఆయనే చెప్పాడు. మాన్యువల్ కావాలన్నది నా కోరిక. ఏలూరులో నాన్న అంబాసిడర్ మీద డ్రైవింగ్ నేర్చుకున్నాను. వెనక చక్రాలతో నడిచే పెట్టె లాంటి కారు, క్లచ్ కాలి కింద ఉండాలి అన్న ఇష్టం అప్పటిది. ఇక్కడి స్నేహితుడు ఒకతను "అన్నా, ఆ డబ్బుకి ఇంకో కారే వస్తుంది కదా" అన్నాడు. వస్తుంది. కానీ తుప్పు పట్టని 240 బాడీ దొరకడం కష్టం, నాకున్నది అలాంటిది.

మార్పిడి అనగానే అందరూ గేర్‌బాక్స్ ధర అడుగుతారు. అసలు పని దాని చుట్టూ ఉన్న సామానుది. క్లచ్ పెడల్‌తో వచ్చే పెడల్ బాక్స్, క్లచ్ కేబుల్, ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం), ప్రెషర్ ప్లేట్, క్లచ్ డిస్క్, రిలీజ్ బేరింగ్, ఫోర్క్, బెల్ హౌసింగ్, గేర్ లివర్, కింద గేర్‌బాక్స్‌ను మోసే క్రాస్‌మెంబర్, వెనక చక్రాల వైపు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో ముందు సగం. వీటిలో ఒక్కటి దొరక్కపోయినా కారు లిఫ్ట్ మీద వారాల తరబడి ఉండిపోతుంది. అందుకే ఈ షాప్ ఒక షరతు పెట్టింది: వెనక నుంచి ఎవరో గుద్దేసిన ఒక మాన్యువల్ 240 మొత్తంగా చేతికి వచ్చేదాకా నా కారు విప్పరు. ఎదురుచూడటానికి ఓపిక పట్టాలి, కానీ నా లెక్కలో ఇదే సరైన పద్ధతి. ఈబేలో ముక్కలు ముక్కలుగా కొనుక్కొచ్చి ఇచ్చేవాళ్ల పని వాళ్లు ఒప్పుకోరు.

ఫ్లైవీల్ విషయం కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే పని తెలిసిన షాప్ ఏదో ఇక్కడే బయటపడుతుంది. 1989 నుంచి ఈ కార్లలో వచ్చిన ఎల్‌హెచ్ 2.4 అనే ఇంజిన్ కంట్రోల్ సిస్టమ్‌లో స్పార్క్ టైమింగ్ కోసం ఒక సెన్సర్ ఫ్లైవీల్ అంచు మీది గుర్తులనే చదువుతుంది. అంతకు ముందు కార్లలో ఆ సెన్సర్ స్పార్క్‌ని సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో ఉండేది, ఫ్లైవీల్ మీద ఆ గుర్తులే ఉండవు. కాబట్టి 1985 కారు ఫ్లైవీల్ చవగ్గా వచ్చిందని నా కారుకి పెడితే ఇంజిన్ స్టార్టే కాదు. సరైన ఫ్లైవీల్ దొరికినా ఇంకో చిక్కుంది. క్రాంక్‌కి (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) దాన్ని బిగించే బోల్టులు ఎనిమిది, ఎటు తిప్పి పెట్టినా రంధ్రాలు కలుస్తాయి. ఒక్క రంధ్రం పక్కకి జరిగినా టైమింగ్ మొత్తం తప్పు. గేర్‌బాక్స్ ఎక్కించాక ఆ తప్పు తెలిస్తే మళ్లీ అంతా దించాల్సిందే. వీళ్లు ఒకటో సిలిండర్‌ని టాప్ డెడ్ సెంటర్‌లో (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన చోట) పెట్టి, ఆటోమేటిక్‌లో ఫ్లైవీల్ స్థానంలో ఉండే పాత ఫ్లెక్స్ ప్లేట్ తీసే ముందే గుర్తు వేసుకుని, రెండు పక్కపక్కన పెట్టి పోల్చి బిగించారు. ఫోటోలు తీసి పంపారు. బోల్టులు కొత్తవి వేశారు, పాతవి మళ్లీ వాడలేదు.

మాన్యువల్ గేర్‌బాక్స్ షాఫ్ట్ కొసని పట్టుకునే పైలట్ బేరింగ్ ఆటోమేటిక్ కారు క్రాంక్ చివర ఉండదు, అది కొత్తగా కొట్టారు. చేయి అక్కడిదాకా వెళ్లింది కాబట్టి క్రాంక్ వెనక నుంచి ఆయిల్ కారకుండా ఆపే రియర్ మెయిన్ సీల్ కూడా మార్చారు. మార్చే ముందు పైన ఫ్లేమ్ ట్రాప్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే దారిలో ఉండే చిన్న జల్లెడ) తీసి శుభ్రం చేశారు. అది పూడుకుపోతే ఇంజిన్ లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీల్ కూడా కారుతుంది. నేను అడక్కుండానే చేసిన పని ఇది.

వైరింగ్ భయపడినంత లేదు. ఆటోమేటిక్‌లో పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్టర్ తిరిగేలా ఒక స్విచ్ ఉంటుంది. రివర్స్ లైట్లూ దాని నుంచే. స్టార్టర్ వైరు కలిపేసి, రివర్స్ లైట్ల వైర్లను కొత్త గేర్‌బాక్స్ మీది స్విచ్‌కి తెచ్చారు. ఆ స్టార్టర్ వైరు కలిపేశాక గేర్‌లో ఉన్నా కారు స్టార్ట్ అవుతుంది, ఇంట్లో ఎవరు నడిపినా వాళ్లకి ఈ మాట చెప్పి తీరాలి. స్పీడోమీటర్ సెన్సర్ వెనక యాక్సిల్ మీద ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. రేడియేటర్‌లోకి వెళ్లే పాత గేర్ ఆయిల్ పైపులు తీసేసి మూతలు బిగించారు. క్రూజ్ కంట్రోల్ కోసం క్లచ్ పెడల్ దగ్గర కూడా స్విచ్ పెట్టారు. అది లేకపోతే క్రూజ్‌లో క్లచ్ తొక్కగానే ఇంజిన్ గోల పెడుతుంది.

ఇక నడిపితే ఎలా ఉంది? ఊళ్లో కారు స్వభావమే మారిపోయింది. ఏడబ్ల్యూ70లో ఫస్ట్ గేర్ రేషియో 2.45, ఎం47లో 4.03. ఈ అంకె పెద్దదైతే లాగుడు ఎక్కువ, ఇంజిన్ తిరగడమూ ఎక్కువ. సిగ్నల్ దగ్గర కదలడంలోనే తేడా తెలుస్తుంది. ఆ 114 హార్స్‌పవర్ ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందా అనిపించింది. యాష్‌విల్ వెళ్లేటప్పుడు ఓల్డ్ ఫోర్ట్ దాటాక ఐ-40 మీద నిటారు ఎక్కుడు ఉంది. అక్కడ పాత గేర్‌బాక్స్ మూడుకీ నాలుగుకీ మధ్య ఊగిసలాడేది, లివర్ పక్కనున్న ఓవర్‌డ్రైవ్ బటన్ నొక్కి ఆపాల్సి వచ్చేది. ఇప్పుడు ఏ గేర్‌లో ఎక్కాలో నా ఇష్టం. బ్లూ రిడ్జ్ పార్క్‌వేలో దిగుడు మీద మూడో గేర్‌లో వదిలేస్తే బ్రేకు మీద కాలు పెట్టే అవసరం చాలా తగ్గింది. లివర్ కదలిక పొడుగు, కానీ ఎక్కడ పడిందో చేతికి స్పష్టంగా తెలుస్తుంది. క్లచ్ కేబుల్‌తో నడిచేది కాబట్టి కొంచెం బరువు. పొద్దున పూట రీసెర్చ్ ట్రయాంగిల్ వైపు ట్రాఫిక్‌లో ఎడమ కాలు లాగుతుంది. మా ఆవిడ హైదరాబాద్‌లో మాన్యువల్ నడిపిన మనిషి. ఇండియాలో ఎడమ చేత్తో వేసే గేర్లు ఇక్కడ కుడి చేత్తో వేయాలి, అయినా ఒక్క సాయంత్రంలో అలవాటు చేసుకుంది.

హైవే మీద మాత్రం నష్టమే, ఇది ముందే తెలుసుకోవాలి. ఆటోమేటిక్‌లో నాలుగో గేర్ 0.69, ఎం47లో ఐదోది 0.82. నా కారు వెనక యాక్సిల్ గేర్ రేషియో 3.73 అలాగే ఉంచాం. గంటకు 65 మైళ్ల దగ్గర ముందు సుమారు 2,400 ఆర్‌పీఎం తిరిగే ఇంజిన్ ఇప్పుడు 2,800 తిరుగుతోంది. శబ్దం పెరిగింది. 3.31 యాక్సిల్ పెడితే తగ్గుతుంది, కానీ ఊళ్లో వచ్చిన ఆ చురుకుదనంలో కొంత పోతుంది. ఓనర్ లెక్క కట్టి రెండూ చూపించాడు, నేను 3.73కే మొగ్గాను. రోజూ వంద మైళ్లు హైవే మీద తిరిగేవాళ్లకి ఈ మార్పిడి నేను చెప్పను.

ఎం47కి ఒక బలహీనత ఉంది. ఐదో గేర్ వెనక తోకలాంటి హౌసింగ్‌లో ఉంటుంది, ఆయిల్ తగ్గితే మొదట దెబ్బతినేది అదే. అందులో పోయాల్సింది మామూలు చిక్కటి గేర్ ఆయిల్ కాదు, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే పల్చటి ఆయిల్). ఇంజిన్‌కి టర్బో పెట్టే ఆలోచన ఉంటే ఈ గేర్‌బాక్స్ వద్దు. అలాంటివాళ్లు ఫోర్డ్ కార్లలో వచ్చిన టీ5 గేర్‌బాక్స్ వైపో, యూరప్‌లో వోల్వో 940ల్లో వచ్చిన ఎం90 వైపో వెళ్తారు, ఖర్చు వేరే స్థాయి.

నాకు సామాను, కూలీ కలిపి నాలుగు వేల డాలర్లకు కొంచెం తక్కువ అయింది. విడివిడిగా రాసిన బిల్లు ఇచ్చారు, చెప్పినదానికన్నా పెరిగింది సీల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ మధ్య బేరింగ్ వరకే, అదీ ఫోన్ చేసి అడిగాకే. ఫిర్యాదు ఒకటుంది: ఖర్చు పెరిగితే తప్ప పని మధ్యలో కబురు చెప్పరు, మనమే ఫోన్ చేయాలి. ఎత్తితే మాత్రం విసుగు లేకుండా మాట్లాడతారు. ఇంకోటి, చలి పొద్దున రెండో గేర్ మొదటి రెండు మూడు సార్లు గట్టిగా పడుతోంది. ఆయిల్ వేడెక్కాక బాగుంటోంది. ఫస్ట్ సర్వీస్‌లో ఏటీఎఫ్ మార్చి, అప్పటికీ తగ్గకపోతే గేర్‌బాక్స్ దించి సింక్రో (గేరు మెత్తగా పడేలా చేసే రింగు) చూస్తామని, దానికి కూలీ తీసుకోమని బిల్లు మీదే రాసిచ్చారు. వచ్చే నెల కారు ఇస్తున్నాను, ఏం తేలిందో ఇక్కడే కింద రాస్తాను.