మూడేళ్లు వాడిన స్టార్ ట్రాకర్: తిరుపతి మిద్దె నుంచి మామిడితోట దాకా

గెలాక్సీల ఫోటోల కోసం ఈ ట్రాకర్ కొని మూడేళ్లు దాటింది. కంపెనీ పేరు ఎందుకులెండి, నేను వాడి చూసిన రెండింటి సంగతీ ఇంతే. ట్రైపాడ్‌కీ కెమెరాకీ మధ్య కూర్చునే చిన్న మోటారు డబ్బా ఇది. భూమి 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది కదా, అదే వేగంతో కెమెరాను ఎదురు తిప్పుతుంది. ఇది లేకుండా 200 ఎంఎం లెన్స్‌తో రెండు సెకన్లు దాటితే చుక్కలు గీతలైపోతాయి. దీంతో ఒక నిమిషం హాయిగా నిలబడతాయి. రెండు నిమిషాలు పెట్టినప్పుడల్లా సగం ఫ్రేములు పారేశాను.

అసలు తంటా ధ్రువ నక్షత్రంతో. ట్రాకర్ ఇరుసును దాని వైపు గురిపెట్టాలి. తిరుపతిలో అది పదమూడున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అదీ సరిగ్గా తిరుమల కొండల వైపు. మా మిద్దె మీంచి చూస్తే కొండ అంచుకు కాస్త పైన, ఘాట్ రోడ్డు దీపాల వెలుగులో ఉందా లేదా అన్నట్టుంటుంది. అలిపిరి దగ్గర ఉండే మిత్రుడికి అదీ లేదు, కొండే అడ్డం. పైగా ఇరుసు ఇంత వాలుగా ఉంటే, కెమెరాకు సరితూకంగా వేలాడే బరువు కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. మొదటి నెలలో రెండుసార్లు అలా తగిలి మోటారు మూలిగింది. ఒక కాలు సరిగ్గా దక్షిణానికి పెట్టి, కడ్డీని మిగతా రెండు కాళ్ల సందులోకి వచ్చేలా చూసుకున్నాక ఆ గొడవ తీరింది. ఈ సంగతి మాన్యువల్లో ఒక్క ముక్క లేదు.

మిద్దె మీద చంద్రుడు తప్ప ఏదీ సరిగ్గా రాదని తేలాక, బంగారుపాళ్యం పక్కన మా మామ మామిడితోటకు మకాం మార్చాను. ఆండ్రోమెడా గెలాక్సీ బాగా పైకొచ్చేది అక్టోబరు, నవంబరు రాత్రుల్లో. మనకు ఈశాన్య రుతుపవనాలూ అప్పుడే. మిగిలేది జనవరి, చీకటి పడిన వెంటనే, పడమర వైపు. ఒక నిమిషం చొప్పున 110 ఫ్రేములు తీస్తే 93 పనికొచ్చాయి. ఒక్క ఫ్రేము చూస్తే లెన్స్ మీద వేలిముద్ర పడినట్టు ఓ మసక, అంతే. అన్నీ సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చాక ఆ మసక చుట్టూ నల్లటి ధూళి చారలు ఒక్కొక్కటే తేలాయి, పక్కన రెండు పిల్ల గెలాక్సీలతో సహా. 25 లక్షల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు! పోయిన 17లో ఐదు మాత్రం ట్రాకర్ తప్పు కాదు. ఏనుగులు వచ్చాయేమోనని పక్క తోట కాపలావాళ్లు వేసిన టార్చి నేరుగా లెన్స్‌లో పడింది.

ఏప్రిల్‌లో సప్తర్షి మండలం పైకొస్తుంది. దాని తోక చివరి చుక్క పక్కనే ఎం51, సుడిగుండంలాంటి గెలాక్సీ. రాత్రి పదింటికి కూడా ఉక్క. వేడికి సెన్సర్ నిండా రంగు చుక్కలు. సుమారు ప్రతి 6 డిగ్రీలకూ ఆ నాయిస్ రెట్టింపవుతుంది. అందుకని చివర్లో లెన్స్ మూత పెట్టి, అదే నిమిషం చొప్పున ఇరవై డార్క్ ఫ్రేములు తీస్తాను, ఆ రంగు చుక్కలను తర్వాత ఫోటోలోంచి తీసేయడానికి. ఇంతా చేస్తే 200 ఎంఎంలో ఎం51 కందిగింజంత వచ్చింది. మామ ఫోన్‌లో చూసి, “ఏందిరా అల్లుడా, రాత్రంతా తీస్తే ఇంతేనా?” అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. చిన్న గెలాక్సీల మీద ఆశతో ఈ ట్రాకర్ కొనకండి. వాటికి టెలిస్కోపు, గైడింగ్ (ఒక చుక్కను చూస్తూ తిరుగుడును తానే సరిచేసుకోవడం) ఉన్న పెద్ద మౌంట్ కావాలి.

రెండో ఏడాది లోపలి గేర్ వదులై ఆట మొదలైంది, చుక్కలు కోడిగుడ్లలా సాగాయి. అమ్మిన షాపువాళ్లు కొరియర్ చేయమన్నారు. చేశాను. రెండు నెలలకు అలాగే తిరిగొచ్చింది, చెయ్యి కూడా పెట్టలేదు. చివరికి అలెన్ కీతో నేనే బిగించుకున్నా. మరీ బిగిస్తే మోటారు ఆగిపోతుంది, పావు మర కంటే ఎక్కువ తిప్పొద్దు.

ఇన్ని తిప్పలున్నా అమ్మాలని మాత్రం లేదు. మనం దక్షిణాన ఉండటంలో లాభమూ ఉంది మరి. లండన్ వాళ్లకు ఎప్పటికీ కనిపించని సెంటారస్ ఏ గెలాక్సీ మనకు 33 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. కాకపోతే తోటలో దక్షిణం వైపు చింతచెట్టు అడ్డం. ఈ ఏప్రిల్‌కు ట్రైపాడ్‌ను మోటారు షెడ్డు మీదికి ఎక్కించాలి.