బీరు కాచడానికి కుళాయి నీళ్లా, ఆర్‌ఓ నీళ్లా?

అమెరికాలో ఇంట్లో బీరు కాచేవాళ్లకు కుళాయి నీళ్లు చవక. మ్యాష్‌కు (నలిపిన మాల్ట్‌ను, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, వేడి నీళ్లలో నానబెట్టడానికి) కావలసిన కాల్షియం చాలా ఊళ్లలో వాటిలోనే ఉంటుంది. చిక్కల్లా నీళ్లలో క్రిములు చావడానికి కలిపే క్లోరమైన్‌తోనే. అది మాల్ట్‌లోని ఫినాల్స్ అనే పదార్థాలతో కలిస్తే బీరంతా ఆసుపత్రి వాసన. మరిగిస్తే క్లోరిన్ పోతుంది గానీ క్లోరమైన్ అంత తేలిగ్గా వదలదు. 20 లీటర్లకు పావు కాంప్‌డెన్ బిళ్ల (సల్ఫైట్ మాత్ర) నలిపి కలపండి, క్లోరమైన్ నిమిషాల్లో విరిగిపోతుంది. ఆల్కలినిటీ (ఆమ్లాన్ని అణచే గుణం) 150 పీపీఎం ఉన్న నీళ్లు నల్లటి స్టౌట్ బీరుకు పనికొస్తాయి. లేత రంగు పిల్స్‌నర్‌కు మాత్రం వద్దు: మ్యాష్ పీహెచ్ 5.6 దాటి పొట్టులోని వగరు దిగుతుంది.

ఆర్‌ఓ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, మనమే వేసుకోవాలి. 20 లీటర్లకు 4 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ వేస్తే కాల్షియం 54 పీపీఎం పెరుగుతుంది, మాల్ట్ రుచి నిండుగా వస్తుంది. చేదెక్కువ ఉండే ఐపీఏ బీరుకైతే 5 గ్రాముల జిప్సం వేయండి, హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు) చేదు పదునుగా తేలుతుంది. చెంచా కొలతలు నమ్మకండి, 0.1 గ్రాము చూపే కాటా ఉండాలి. కాల్షియం క్లోరైడ్ గాలిలో తేమ పీల్చి బరువెక్కుతుంది, డబ్బా మూత బిగించి పెట్టండి.

లేత రంగు బీర్లకు మా ఓటు ఆర్‌ఓకే. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో (మాల్ట్ నుంచి తీసిన పాకం లేదా పొడితో) కాచేవాళ్లకు ఈ లవణాల లెక్క అంతగా అక్కర్లేదు, ఎక్స్‌ట్రాక్ట్‌లోనే ఖనిజాలు ఉంటాయి. ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే దాని ముందున్న కుళాయి నుంచే పట్టుకోండి. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసేసి సోడియం కలుపుతుంది, ఆల్కలినిటీని మాత్రం అలాగే వదిలేస్తుంది.