కణజాలాల స్లైడ్ల పెట్టె: కొనేముందు లేబుళ్లు చూసుకోండి

జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. తొమ్మిదో తరగతి వృక్ష కణజాలాల పాఠం కోసం కోఠిలో ఒక ల్యాబ్ సామాన్ల షాపులో 25 గాజు స్లైడ్లున్న పెట్టె కొన్నాను. రెండు నెలలు వాడాక రాస్తున్నాను.

ఉల్లి వేరు కొన స్లైడ్ ఒక్కటి చాలు, డబ్బులు గిట్టుబాటైనట్టే. 10 లెన్సుతో వెతికి పట్టుకుని 40కి మార్చగానే చిన్న చిన్న కణాలు ఇటుకలు పేర్చినట్టు కనిపిస్తాయి, ఒక్కో కణం నిండా పెద్ద కేంద్రకం. కొన్నిటిలో క్రోమోజోములు దారం ముక్కల్లా విడిపోతూ ఉన్నాయి. వేరు పొడవు పెరిగేది ఈ విభాజ్య కణజాలం వల్లే అని ఎన్నేళ్లుగానో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. ఈసారి పిల్లలే చూసి నాకు చెప్పారు.

తమలపాకు పొర స్లైడ్ కూడా బాగుంది. పత్రరంధ్రాలూ, వాటికి రెండు వైపులా చిక్కుడు గింజల్లాంటి రక్షక కణాలూ స్పష్టంగా ఉన్నాయి.

ఇబ్బంది కాండాల దగ్గర వచ్చింది. 'మొక్కజొన్న కాండం' అని లేబుల్ ఉన్న స్లైడ్ పెట్టి, నాళికాపుంజాలు (నీటినీ ఆహారాన్నీ మోసే గొట్టాల కట్టలు) చెల్లాచెదురుగా ఉంటాయి చూడమన్నాను. ఒక అమ్మాయి చూసి, "టీచర్, ఇవి గాజులా గుండ్రంగా వరసలో ఉన్నాయి కదా" అంది. నేనూ చూశాను, నిజమే. అది పొద్దుతిరుగుడు కాండం, రెండు లేబుళ్లూ తారుమారయ్యాయి. ఆ పిల్ల అడిగిన ప్రశ్నతోనే ఆ రోజు పాఠమంతా నడిచింది. పొద్దుతిరుగుడులో నీటిని మోసే దారువుకీ ఆహారాన్ని మోసే పోషక కణజాలానికీ మధ్య కేంబియం అనే విభజన చెందే కణాల పొర ఉంటుంది, కాండం లావెక్కడానికి అదే కారణం. మొక్కజొన్నలో అది లేదు. షాపుకి ఫోన్ చేస్తే మారుస్తామన్నారు, ఇంకా మార్చలేదు.

కాడకి వంగే గుణమిచ్చే స్థూలకోణ కణజాలం స్లైడ్ మరీ మందంగా కోశారు, నల్లటి మచ్చలా తప్ప ఏమీ కనిపించదు. దానికి బదులు కొత్తిమీర కాడని కొత్త బ్లేడుతో పల్చగా కోసి, ఒక చుక్క సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేసి చూపించాను. కణాల మూలలు మందంగా కనిపించాయి. కాడ వంగుతుందే కానీ పుటుక్కున విరగదని పిల్లలు వంచి చూసుకున్నారు.

గట్టి మందపాటి గోడలుండే రాతి కణాల స్లైడ్ పెట్టెలో లేదు. జామపండు గుజ్జు కొద్దిగా తీసి గాజు మీద నలిపితే సరిపోతుంది, పంటి కింద గరగరలాడేవి అవే.

ఐదుకి మూడున్నర ఇస్తాను. కొనేవాళ్లు షాపులోనే కాండం స్లైడ్లు రెండూ మైక్రోస్కోప్ కింద పెట్టించుకుని చూడండి.