పర్లాకిమిడి సంతలో కొన్న అడ్డాకు విస్తళ్ళు

మా మనవరాలి అన్నప్రాసనకు 150 మందిని భోజనాలకు పిలిచాము. ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలపై దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధం ఉన్నా, ఏ ఇంట విందు జరిగినా మర్నాడు మా వీధి కాలువకు అడ్డుపడేవి అవే. అందుకే మా ఇంటి నుంచి ఒక్క ప్లాస్టిక్ ముక్క కూడా బయటికి పోకూడదని పట్టుబట్టి, ఒడిశాలోని పర్లాకిమిడిలో రెండు చోట్ల ఆకు విస్తళ్ళు కొన్నాను.

మొదట బజారులోని ఒక దుకాణంలో, యంత్రంతో అదిమి చేసిన గుండ్రటి విస్తళ్ళు తీసుకున్నాను. పైన ఆకు, కింద అట్ట ఉండి చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. ప్లాస్టిక్ ఏమీ లేదని దుకాణదారు హామీ ఇచ్చాడు. ఇంటికి తెచ్చి ఒకదానిని నీళ్ళలో నానబెట్టి అంచు చీల్చితే, ఆకుకూ అట్టకూ నడుమ నుంచి ఉల్లిపొర వంటి ప్లాస్టిక్ పొర సాగుతూ ఊడి వచ్చింది. ఎంగిలి విస్తళ్ళలో మెతుకుల కోసం మూతి పెట్టే ఆవు ఆ పొరను కూడా మింగుతుంది, అది అరగక కడుపులోనే ఉండిపోతుంది. ఆకు పేరు చెప్పి దీనిని అమ్మడం నాకు చాలా బాధ కలిగించింది. ఆ కట్టలు తిరిగి ఇచ్చేశాను.

తరువాత సంతలో సవర గిరిజన మహిళల దగ్గర చేతికుట్టు విస్తళ్ళు కొన్నాను. ఒడియాలో సియాళి అని పిలిచే అడ్డతీగకు ఆవు గిట్టలా చీలిన వెడల్పాటి ఆకులుంటాయి; వాటిని అంచు మీద అంచు పేర్చి వెదురు ఈనెలతో కుట్టిన ఈ విస్తరిలో జిగురు గాని, పూత గాని లేవు. వడ్డనకు ముందు తడిగుడ్డతో తుడిస్తే ఆకు మెత్తబడి చక్కగా పరుచుకుంటుంది. వేడి అన్నం పడగానే లేచిన పచ్చి వాసనకు మా పెద్దమ్మ తన పెళ్ళినాటి బంతి భోజనాన్ని తలచుకుంది.

లోపాలు లేకపోలేదు. ప్రతి కట్టలోనూ నాలుగైదింటికి చిల్లులున్నాయి, కొన్నింటికి ఈనె మొనలు పైకి పొడుచుకు వచ్చాయి. పప్పు నిలిచింది గాని చారు కుట్టు సందుల్లోంచి కారింది. తేమ తగిలితే బూజు పడుతుంది కనుక గాలి ఆడే చోట ఉంచాలి.

భోజనాలయ్యాక విస్తళ్ళన్నీ పెరటి గోతిలో వేసి పేడనీళ్ళు చల్లాము. మూడు నెలలకు తవ్వి చూస్తే నల్లటి ఎరువులో ఈనెపుల్లలు తప్ప ఆకు జాడ కనబడలేదు. చారుకూ పాయసానికీ డొప్పలు కావలసినవారు ముందు వారం సంతలోనే చెప్పి కుట్టించుకోవాలి, అప్పటికప్పుడు అడిగితే నాకు దొరకలేదు.